డేనాకు దక్కిన 48 రోజులు

2022 డిసెంబర్ 13న అమెరికాలో హులు అనే ఓటీటీ వేదికపై ‘కిండ్రెడ్’ ధారావాహిక విడుదలైంది. ఎనిమిది భాగాలనూ ఒకే రోజు ప్రేక్షకుల ముందుంచారు. 2023 జనవరి 30న, దీనికి రెండో సీజన్ ఉండదన్న ఎఫ్‌ఎక్స్ సంస్థ నిర్ణయం వెలువడింది. ఈ రెండు తేదీల నడుమ ఉన్నవి 48 రోజులు. క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు కూడా అందులోనే కలిసిపోయాయి. కథ అప్పటికి సగం కూడా నడవలేదు. కథానాయిక డేనా రెండు శతాబ్దాల మధ్య చిక్కుకొని ఉంది. ప్రేక్షకులు దొరకలేదన్న ఒక్క మాటతో ఆమె ప్రయాణం అక్కడే నిలిచిపోయింది. ఎందరు చూస్తే దొరికినట్టో, నిజానికి ఎందరు చూశారో మాత్రం ఎవరూ లెక్క చెప్పలేదు.

వైజ్ఞానిక కల్పన ధారావాహికలు ఆదరణ లేక ఆగిపోవడం కొత్త విషయమేమీ కాదు. ఏటా ఎన్నో మొదలవుతాయి, ఎన్నో ఆగిపోతాయి. వాటిలో ఒకదాని గురించి కులాన్ని చర్చించే పుటలో రాయడమెందుకన్న ప్రశ్న సహజం. కిండ్రెడ్ బానిసత్వాన్ని గురించిన కథ. కాలయానం అనే వినోద సామగ్రిని అణగారిన జాతి చేతికిస్తే ఏమవుతుందో చూపిన కథ. అటువంటి కథ ప్రేక్షకులను చేరుకోవడానికి ఎంత గడువు అవసరం, ఆ గడువును నిర్ణయించేది ఎవరు అన్న విచారణ అమెరికాకే పరిమితమైనది కాదు. మన సినిమా హాళ్ల చరిత్రకూ, ఇప్పుడు మన చేతుల్లోని తెరలకూ దానితో సంబంధం ఉంది.

ఈ ధారావాహికకు మూలం ఆక్టేవియా బట్లర్ 1979లో ప్రచురించిన నవల. బట్లర్ 1947లో కాలిఫోర్నియాలోని పసడీనాలో పుట్టారు. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు. ఆమె చిన్నతనంలోనే చనిపోయాడు. తల్లి శ్వేతజాతీయుల ఇళ్లలో పనిమనిషి. ఆ ఇళ్లలోకి తల్లి పెరటి తలుపు గుండా వెళ్లడం, యజమానులు ఆమె వింటుండగానే ఆమెను కించపరుస్తూ మాట్లాడటం, ఆమె విననట్టు ఊరుకోవడం బట్లర్ చిన్ననాడే చూశారు. తల్లి అలా ఎందుకు భరిస్తోందన్న అసహనం ఆ వయసులో తనకూ ఉండేదని తర్వాత చెప్పుకున్నారు. కళాశాల రోజుల్లో నల్లజాతి ఉద్యమ స్ఫూర్తితో ఉన్న ఒక విద్యార్థి మాట ఆమెను నిలవనీయలేదు. మనల్ని ఇంతకాలం వెనక్కి లాగింది ఈ పాత తరమే, వీళ్లందరినీ చంపేయాలనిపిస్తుంది, కానీ నా తల్లిదండ్రులతోనే మొదలుపెట్టవలసి వస్తుంది అన్నది ఆ మాట సారాంశం. ఆ యువకుడికి చరిత్ర తెలుసు, కానీ ఆ చరిత్రలో బతకడమంటే ఏమిటో తెలియదని ఆమెకు అనిపించింది. ఆ అనుభవాన్ని అతని ఒంటికి తగిలేలా చెప్పాలన్న పట్టుదల నుంచి కిండ్రెడ్ పుట్టింది.

తెలుగు దళిత పాఠకుడికి ఈ సందర్భాన్ని వివరించనవసరం లేదు. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్న తాతను తలచుకొని సిగ్గుపడే మనవలు మన ప్రతి పల్లెలోనూ ఉన్నారు. చదువుకుని, ఉద్యోగం సంపాదించి, పట్నంలో ఇల్లు కట్టుకున్న తరం తన ముందు తరం వంగిన నడుమును క్షమించలేకపోతుంది. ఆ నడుము వంగకపోయి ఉంటే తామెవ్వరూ ఇక్కడ ఉండేవాళ్లం కాదన్న ఎరుక చాలా ఆలస్యంగా కలుగుతుంది, కొందరికి కలగనే కలగదు. వంగి బతకడం లొంగుబాటు మాత్రమే కాదు, బిడ్డలను బతికించుకునే ఉపాయం కూడా. ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పవచ్చు, వ్యాసంగా రాయవచ్చు. బట్లర్ మాత్రం నేటి మనిషిని పట్టుకెళ్లి నాటి పొలంలో నిలబెట్టారు.

నవలలో డేనా 1976లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో నివసించే ఇరవయ్యారేళ్ల నల్లజాతి రచయిత్రి. భర్త కెవిన్ శ్వేతజాతీయుడు. ఒకనాడు కళ్లు తిరిగి కూలబడిన ఆమె 19వ శతాబ్ది తొలినాళ్ల మేరీలాండ్ రాష్ట్రంలో ఒక నది ఒడ్డున తేలుతుంది. నీళ్లలో మునిగిపోతున్న రూఫస్ అనే తెల్ల పిల్లవాడిని కాపాడుతుంది. ప్రతిఫలంగా ఆ పిల్లవాడి తండ్రి తుపాకీ ఆమె ముఖానికి గురిపెడతాడు. ప్రాణభయం కలిగిన క్షణంలో ఆమె తన కాలానికి వచ్చి పడుతుంది. రూఫస్ ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఆమె వెనక్కి లాగబడుతుంది, తన ప్రాణం పోబోతున్నప్పుడే తిరిగి వస్తుంది. కాలయంత్రం లేదు, మీటలు లేవు, శాస్త్రవేత్త లేడు. రూఫస్ తన పూర్వీకుడని, అతడు ఆలిస్ అనే నల్లజాతి స్త్రీని చెరబడితేనే తన వంశం మొదలవుతుందని ఆమెకు క్రమంగా తెలుస్తుంది. అంటే తాను పుట్టాలంటే తన పెద్దమ్మమ్మలను హింసించినవాడిని తానే కాపాడుకోవాలి. చివరి ప్రయాణంలో ఆమె ఎడమ చేయి గతంలోనే ఉండిపోతుంది. వైజ్ఞానిక కల్పనలో ఇంతకన్న క్రూరమైన చిక్కుముడిని నేను చదవలేదు.

నవల కోసం బట్లర్ బస్సులో మేరీలాండ్ వెళ్లి అక్కడి గ్రంథాలయాల్లో వెతికారు. జార్జ్ వాషింగ్టన్ నివసించిన మౌంట్ వెర్నన్‌కూ వెళ్లారు. ఆ ఎస్టేట్‌ను చూపించే మార్గదర్శకులు అక్కడి బానిసలను బానిసలనేవారు కాదట, ‘సేవకులు’ అనేవారట. మన గడీలను, కోటలను చూపించే గైడ్ల నోట వెట్టి అన్న పదం ఎన్నిసార్లు వినబడుతుందో పాఠకులు ఈసారి వెళ్లినప్పుడు గమనించవచ్చు.

జాతిని, కులాన్ని ఒకే గాటన కట్టడం సరికాదని తెలియక ఈ పోలికలు తేవడం లేదు. పోలికలోని జాగ్రత్త మనకన్న ముందువారికీ తెలుసు. అయినా జోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని బానిసత్వ నిర్మూలనకు పూనుకున్న అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు లేఖ రాసి, అస్పృశ్యుల స్థితికీ అమెరికా నల్లజాతీయుల స్థితికీ ఉన్న సామ్యాన్ని ప్రస్తావించారు. ఆ సంభాషణ కొనసాగవలసిన చోట్లలో కథల తెర ఒకటి.

ఇక మన కాలయానం సంగతి చూద్దాం. తెలుగులో వైజ్ఞానిక కల్పన అనగానే అందరికీ గుర్తొచ్చేది సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’. 1991 జూలై 18న విడుదలైన ఆ చిత్రాన్ని నేనూ ఎన్నోసార్లు ఇష్టంగానే చూశాను. ఆనాటి పరిమిత వనరులతో అంత ఊహను తెరకెక్కించడం సామాన్యమైన పని కాదు. అందులో కథానాయకుడు కాలయంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళతాడు. రాయలవారి పాత్రనూ, కథానాయకుడి పాత్రనూ పోషించింది ఒకే నటుడు. అంటే గతంలోకి వెళ్లిన మనిషి సింహాసనం మీద తన ముఖాన్నే చూస్తాడు. సభలో, తెనాలి రామకృష్ణుడి సరసన, నాట్యమండపంలో అతడికి ప్రమాదాలు ఎదురవుతాయి. కులం మాత్రం ఆ కథకు అడ్డురాదు. డేనాకు గతంలో ఎదురైన ముఖం తుపాకీ గురిపెట్టినవాడిది. ఈ రెండు కాలయానాల మధ్య ఉన్న దూరం దర్శకుల ప్రతిభకు సంబంధించినది కాదు. గతం ఎవరికి స్వర్ణయుగం, ఎవరికి కాదు అన్న దానికి సంబంధించినది.

రాయల కాలంలో కులం కనిపించలేదని అనుకోవడానికి ఆయన కావ్యమే ఒప్పుకోదు. ‘ఆముక్తమాల్యద’లో మాలదాసరి కథ ఉంది. తెల్లవారకముందే గుడికి వచ్చి, దూరాన నిలబడి, దేవుణ్ని కీర్తించి వెళ్లిపోయే అస్పృశ్య భక్తుడి కథ అది. రాజు భక్తిని మెచ్చుకున్నాడు, దూరాన్ని ప్రశ్నించలేదు. కాలయంత్రం ఆ గుడి వెలుపల, ఆ చీకట్లో దిగి ఉంటే తెలుగు సినిమా ఏమై ఉండేదన్న ఊహ నా తరగతిలో ఎప్పుడు కదిపినా చర్చ గంట దాటిపోతుంది. ఒక విద్యార్థిని, అలా దిగినవాడు మావాడైతే తిరిగి రాడు సార్ అంది. కిండ్రెడ్ నవల అప్పటికి ఆమె చదవలేదు.

ఆదిత్య 369 విడుదలైన 19 రోజులకు, 1991 ఆగస్టు 6న, నాటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. ఆ మారణకాండకు దారితీసిన ఘటనల్లో మొదటిగా చెప్పుకునేది, కొన్ని వారాల ముందు సినిమా హాలులో జరిగిన తగాదా. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలిందన్నదే అక్కడి నేరం. అది జరిగిన నాటికి ఆదిత్య 369 ఇంకా విడుదల కాలేదు గనుక ఆ తెరపై ఆడుతున్నది ఈ చిత్రం కాదు. కానీ తెలుగు ప్రేక్షకుడు అనే మాటను వాడే ప్రతిసారీ ఆ హాలును గుర్తుంచుకోవాలి. తెర మీద ఐదు శతాబ్దాల వెనక్కి వెళ్లి రాగల సమాజం, తెర ముందు ఒక కాలు చాపుకునేంత జాగాను భరించలేకపోయింది.

తెలుగు సినిమాకు నేల టికెట్ అనే మాట ఉంది. తెరకు అతి దగ్గరగా, నేల మీద కూర్చుని, మెడలు ఎత్తి చూసిన జనం అది. వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ధరను బట్టి వేసిన వరుసలే అయినా, పల్లె హాళ్లలో ఏ వరుసలో ఏ వాడ కూర్చునేదో ఆ ఊళ్లలో పెరిగినవారికి తెలుసు. ఈ నేల టికెట్ జనమే దశాబ్దాల పాటు సినిమాలను ఆడించారు. వాళ్ల ఈలలు, చప్పట్లు వ్యాపారానికి కావాలి, వాళ్ల కథలు మాత్రం వ్యాపారానికి పనికిరావు. ‘మన ఆడియన్స్ ఇలాంటివి చూడరు’ అన్న మాట పరిశ్రమలో తరచు వింటుంటాం. ఆ ‘మన’లో నేల ఉందో లేదో ఎవరూ అడగరు.

ప్రేక్షకులను లెక్కించే పద్ధతి కూడా అమాయకమైనది కాదు. మన దేశంలో టీవీ ప్రేక్షకుల కొలతకు వాడుతున్న వర్గీకరణలో ఇంటిని రెండు విషయాలను బట్టి తూస్తారు. ఒకటి ఆ ఇంటి ప్రధాన సంపాదనపరుడి చదువు. రెండోది 11 రకాల వస్తువుల జాబితాలో ఆ ఇంట ఎన్ని ఉన్నాయన్నది. ఫ్యాను, గ్యాస్ పొయ్యి, రిఫ్రిజిరేటర్ మొదలుకొని కారు, ఏసీ, వ్యవసాయ భూమి వరకు అందులో ఉంటాయి. కులం అన్న గడి లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. చదువు, భూమి, వస్తువు అన్న మూడూ తరతరాలుగా ఏ వరుసలో పంచబడ్డాయో తెలిసిన దేశంలో ఆ గడి లేకుండానే పని జరిగిపోతుంది. ప్రకటనదారు డబ్బు పెట్టేది పై మెట్టు ఇళ్ల కోసం. కింది మెట్టు ఇల్లు చూసినా చూడనట్టే లెక్క.

ఓటీటీ దగ్గర ఈ కొలత మరింత చీకట్లోకి వెళ్లింది. ఎందరు మొదలుపెట్టారు, ఎందరు చివరిదాకా చూశారు, ఎక్కడ ఆపేశారు అన్నది వేదికకు క్షుణ్నంగా తెలుసు. రచయితకు తెలియదు, ప్రేక్షకుడికి అసలే తెలియదు. 2023లో అమెరికా సినీ, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేసినప్పుడు కోరినవాటిలో ఈ లెక్కలు చెప్పాలన్నది కూడా ఉంది. చివరకు కొన్ని అంకెలు రచయితల సంఘానికి గోప్యంగా ఇచ్చేందుకు సంస్థలు ఒప్పుకున్నాయి. గోప్యంగానే. తీర్పు బహిరంగంగా, సాక్ష్యం గోప్యంగా ఉండే విచారణలు మన వాడలకు కొత్త కాదు.

అయితే కిండ్రెడ్ వైఫల్యాన్నంతటినీ లెక్కల మీదకు నెట్టడం నిజాయతీ కాదు. ధారావాహికను రూపొందించిన బ్రాండన్ జేకబ్స్ జెంకిన్స్ పేరున్న నాటక రచయిత; డేనాగా నటించిన మల్లోరీ జాన్సన్ కళ్లలోని భయం నటనలా అనిపించదు. కథను 1976 నుంచి 2016కు జరపడంలో ఆలోచన ఉంది. నల్లజాతి అధ్యక్షుడి పాలన చివరి ఏడాదిలో, సొంతిల్లు కొనుక్కున్న నల్లజాతి యువతిని ఇరుగుపొరుగు శ్వేతజాతీయులు అనుమానంగా చూడటం గతాన్ని వర్తమానానికి ముడివేస్తుంది. కానీ కెవిన్‌ను భర్తగా కాక అప్పుడే పరిచయమైన మిత్రుడిగా మార్చడం నాకు నష్టంగానే తోచింది. పెళ్లి చేసుకున్న ప్రేమ కూడా బానిస పొలంలో యజమాని ప్రేమలా కనిపించడం మొదలవుతుందన్నది నవలలోని ముల్లు. పరిచయస్తుల మధ్య ఆ ముల్లు గుచ్చుకోదు. పైగా సుమారు మూడు వందల పుటల నవలను అనేక సీజన్లకు సాగదీసే ఏర్పాటులో మొదటి ఎనిమిది భాగాలు కొన్నిచోట్ల నీరసించాయి.

ఇంకో కారణం ఇంతకన్న లోతైనది. బానిసత్వపు హింసను తెర మీద మళ్లీ మళ్లీ చూడలేమని చెప్పే నల్లజాతి ప్రేక్షకులు చాలామంది ఉన్నారు. వారి అలసట న్యాయమైనది. దళిత జీవితం తెరకెక్కిన ప్రతిసారీ ఊరేగింపు, చెట్టుకు కట్టేయడం, శవం మాత్రమే చూపించే సినిమాల పట్ల మన యువతరంలోనూ ఆ విసుగు ఉంది. మా బాధ మీకు పాఠం, మాకేముంది అందులో అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. బట్లర్ నవల ఈ ప్రశ్నకు తట్టుకొని నిలబడుతుంది. ఎందుకంటే అందులో డేనా కేవలం బాధితురాలు కాదు. ఆలోచిస్తుంది, బేరమాడుతుంది, తప్పు లెక్కలు వేస్తుంది, పొలంలోని పిల్లవాడికి దొంగచాటుగా చదువు చెబుతుంది. ధారావాహిక ఆ దశకు చేరకముందే ఆగిపోయింది.

ఇక్కడే గడువు ప్రశ్న వస్తుంది. ఈ నవల కూడా తొలిచూపులో ఎవరికీ నచ్చినది కాదు. కాలయానం గనుక వైజ్ఞానిక కల్పన అనుకుందామంటే బానిస పొలం ఉంది, చరిత్ర నవల అనుకుందామంటే కాలయానం ఉంది. ఏ అరలో పెట్టాలో తెలియక పలువురు ప్రచురణకర్తలు తిప్పి పంపాక డబుల్‌డే సంస్థ 1979లో వేసింది. బట్లర్ స్వయంగా దాన్ని వైజ్ఞానిక కల్పన అనలేదు, అందులో విజ్ఞానం ఏమీ లేదన్నారు. 1988లో బీకన్ ప్రెస్ తిరిగి ప్రచురించాక తరగతి గదుల్లోకి నెమ్మదిగా వెళ్లింది. బట్లర్‌కు 1995లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. వైజ్ఞానిక కల్పన రచయితల్లో దాన్ని తొలిసారి అందుకున్నది ఆమే. 2006లో మరణించారు. 1993లో ఆమె రాసిన మరో నవల ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’ న్యూయార్క్ టైమ్స్ అత్యధిక విక్రయాల జాబితాకెక్కింది 2020లో, ఆమె పోయిన 14 ఏళ్లకు. 2021లో అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్ దిగిన చోటుకు నాసా ఆమె పేరు పెట్టింది. పుస్తకానికి నాలుగు దశాబ్దాలు దొరికాయి గనుక పాఠకులు చేరారు. అదే కథకు తెర మీద ఏడు వారాలు కూడా నిండలేదు.

నిదానంగా ప్రేక్షకులు చేరడం తెర మీద సాధ్యం కాదని అనేవారు ‘స్టార్ ట్రెక్’ సంగతి గుర్తు చేసుకోవాలి. 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీలో మొదలైన ఆ ధారావాహిక రేటింగుల్లో ఎన్నడూ ముందు వరుసలో లేదు. అభిమానులు వేల ఉత్తరాలు రాసి మూడో సీజన్ సాధించుకుంటే, దాన్ని శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టేశారు. 1969లో 79 భాగాలతో ముగిసింది. తర్వాత స్థానిక స్టేషన్లు పునఃప్రసారం చేస్తున్నప్పుడే అసలు ప్రేక్షకులు తయారయ్యారు. అందులో ఉహురా అనే నౌకాధికారిగా నటించిన నల్లజాతి నటి నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ తనను కలిసి, మానవద్దని కోరారని ఆమె అనేకసార్లు చెప్పారు. భవిష్యత్తులో మనమూ ఉన్నామని, సేవకులుగా కాక సమానులుగా ఉన్నామని దేశం చూస్తున్న చోటు అదొక్కటే అన్నది ఆయన వాదన. 1977 నుంచి నాసా కొత్త వ్యోమగాముల ఎంపికలో నల్లజాతీయులను, స్త్రీలను ఆకర్షించే బాధ్యతను నికోల్స్‌కే అప్పగించింది. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్ తనకు ఉహురా స్ఫూర్తి అన్నారు. రేటింగు పట్టికలో ఆ చిన్నపిల్ల ఏ గడిలోనూ పడి ఉండదు.

అలాగని అణచివేత కథలకు తక్షణ ఆదరణ రాదనీ కాదు. 1921 నాటి టల్సా నల్లజాతి మారణకాండతో మొదలైన హెచ్‌బీవో ‘వాచ్‌మెన్’ 2019లో పెద్ద విజయం సాధించింది. అదే సంస్థ ‘లవ్‌క్రాఫ్ట్ కంట్రీ’ని 2021 జూలై మొదట్లో రద్దు చేసింది, రెండు వారాలు తిరగకముందే దానికి 18 ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి. మార్కెట్ తీర్పు అనేది ప్రకృతి నియమమేమీ కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మన దేశానికి వస్తే 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ ‘లైలా’ను విడుదల చేసింది. ప్రయాగ్ అక్బర్ నవల ఆధారం, దర్శకుల్లో దీపా మెహతా ఒకరు, తెలుగువారికి చిరపరిచితుడైన సిద్ధార్థ్ ఒక ముఖ్య పాత్రధారి. శుద్ధి పేరిట సమాజాన్ని గోడలతో విడగొట్టిన భావి ఆర్యావర్తం అందులోని లోకం. గోడ వెలుపల మురికిలో ‘దూష్’లు ఉంటారు, లోపలివారికి నీళ్లుంటాయి. ఆరు భాగాల తర్వాత కథ మధ్యలోనే వదిలేశారు, రెండో సీజన్ రాలేదు. అందులో పురుషులు తిని వదిలిన ఎంగిలి మీద స్త్రీలను దొర్లించే దృశ్యం ఉంది. భయానక భవిష్యత్తుగా చూపిన ఆ దృశ్యం కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య ఆలయంలో ‘మడె స్నాన’ పేరిట బ్రాహ్మణుల ఎంగిలి విస్తళ్ల మీద భక్తులు దొర్లిన ఆచారమే. కథానాయిక సంపన్న అగ్రవర్ణ స్త్రీ. ఆమెకు జరిగితే అది రాబోయే విపత్తు, మన వాడల స్త్రీకి జరిగితే ఉన్న ఆచారం. దూష్‌ల కళ్లతో చెప్పి ఉంటే అది భవిష్యత్ కథే అయ్యేది కాదు. మన వైజ్ఞానిక కల్పనకు ఉన్న ఇబ్బంది ఇది: గోడ అవతలివారి వర్తమానాన్ని అరువు తెచ్చుకొని గోడ ఇవతలివారికి భవిష్యత్తుగా అమ్ముతుంది.

తెలుగులో ఊహకు కొరత లేదు. 1941లోనే జాషువా ఒక గబ్బిలాన్ని దూతగా చేసి, గుడిలోకి అడుగుపెట్టలేని మనిషి మొరను దేవుడి చెవిన వేయించాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన కూడిన సభ, పంచములన్న పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని ప్రకటించుకుంది. ఊరు వెలుపల ఉన్నవారు ఈ నేల తొలి మనుషులం మేమేనని చెప్పడం గతాన్ని తిరగరాసిన సాహసం. అటువంటి సాహసం చేసినవారి మనవలకు కాలయానం రాయడం రాదని ఎవరు అనగలరు? వాళ్ల చేతికి కెమెరా, బడ్జెట్, గడువు ఎప్పుడిచ్చామన్నదే ప్రశ్న.

2025 ఏప్రిల్‌లో ఆదిత్య 369ను మెరుగులు దిద్ది మళ్లీ థియేటర్లలో విడుదల చేశారు. 34 ఏళ్ల తర్వాత ఒక చిత్రానికి రెండో అవకాశం దొరకడం సంతోషించదగినదే. అటువంటి వెసులుబాటు మొదటి అవకాశమే రానివారికీ కావాలి. తెలుగు ఓటీటీలు దళిత, ఆదివాసీ, ముస్లిం రచయితలతో కల్పన రాయించదలిస్తే రెండో సీజన్ అనుమతి మీద ఆధారపడని, ఒకే విడతలో ముగిసే కథలను ఒప్పందం చేసుకోవాలి. ఆరు భాగాలైనా సరే, ముగింపుతో రావాలి. వచ్చాక కొన్నేళ్లపాటు తొలగించబోమన్న షరతు ఒప్పందంలో ఉండాలి. ఎందరు చూశారో రాసినవారికి చెప్పాలి. ప్రభుత్వాలు సినిమాలకు ఇచ్చే రాయితీల్లో, అవార్డుల్లో వీటికి చోటు కల్పించడం అసాధ్యం కాదు. విశ్వవిద్యాలయాలూ తమ వంతు పని చెయ్యాలి. తెలుగు శాఖల్లో వైజ్ఞానిక కల్పనను పిల్లల సాహిత్యమని పక్కన పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ అలవాటున్న గదుల్లోనే నేనూ పని చేస్తున్నాను.

డేనా కథ చివరికి ఎలా ముగుస్తుందో తెలుసుకోగోరేవారికి ప్రస్తుతం రెండు దారులున్నాయి. ఒకటి 2017లో డేమియన్ డఫీ, జాన్ జెన్నింగ్స్ చేసిన బొమ్మల నవల. రెండోది బట్లర్ రాసిన మూలం. రెండూ దొరుకుతున్నాయి.